నీడలో వెయ్యి గంటల ఎండ

మాచర్ల దాటాక పెద్ద రోడ్డు వదిలేసి ఎడమకి పదమూడు కిలోమీటర్లు పోతే నిప్పులపాడు వస్తుంది. మే నెలలో ఆ ఊళ్ళో కాకులు కూడా సెలవు పెట్టి పోతాయి. ఎండకి ఏ వస్తువు ఎన్నాళ్ళు ఆగుతుందో తేల్చే కేంద్రం ఒకటి ప్రభుత్వం పెట్టాలనుకున్నప్పుడు, పెద్దలు మూడేళ్ళు ఆలోచించి, చుట్టుపక్కల ఇంతకన్నా మాడ్చే చోటు లేదని నిప్పులపాడు ఖాయం చేశారు. ఆ విషయంలో వాళ్ళు పొరపాటు పడలేదు. ఆ తరవాత కూడా ఎవరూ ఏ విషయంలోనూ పొరపాటు పడలేదు. అంతా రూలు ప్రకారమే జరిగింది.

నా పేరు షేక్ మస్తాన్‌వలి. ఆ కేంద్రంలో టెక్నికల్ అసిస్టెంటుని. పైన డైరెక్టరు డాక్టర్ భీమశంకరం గారు. పక్కగదిలో స్టోర్స్ సూపరింటెండెంటు పరంజ్యోతి గారు. వస్తువులు పరంజ్యోతి గారివి, నిర్ణయాలు డైరెక్టరు గారివి, ఎండ నాది. అలా పంచుకున్నాం.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక కంపెనీ మాకు ఇరవై నాలుగు సర్క్యూట్ బోర్డులు పంపింది. పొలాల్లో పెట్టబోయే సోలార్ మోటార్లకి ఒక కంట్రోలర్ పెట్టె ఉంటుంది. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆ పెట్టెలోని బోర్డే. గాజు నారని రెసిన్ జిగురుతో అట్టలాగా అతికించి, మీద రాగి గీతలు వేసి, పైన ఆకుపచ్చ పూత పూస్తారు. మామూలుగా ఇలాంటి బోర్డు మూసిన డబ్బాలో ఉంటుంది కాబట్టి దానికి ఎండ గొడవ లేదు. కానీ ఈ కంపెనీ వాళ్ళు, లోపలి దీపాలు రైతుకి కనపడితే బాగుంటుందని పెట్టెకి గాజులాంటి ప్లాస్టిక్ మూత పెట్టారు. రైతుకి దీపం కనపడినప్పుడు సూర్యుడికి బోర్డు కూడా కనపడుతుంది కదా. అందుకని వెయ్యి గంటలు ఎండలో పెట్టి, నిలిస్తేనే సర్టిఫికెట్ ఇవ్వాలని రూలు. మంచి రూలే.

నేను ఇరవై నాలుగింటికీ నంబర్లు వేసి, డాబా మీద ఇనప చట్రానికి వరసగా బిగించాను. పద్దెనిమిదో రోజుకి ఆకుపచ్చ పూత వెలవడం మొదలైంది. ముప్పయ్యో రోజుకి పసుపుపచ్చ అయింది. వేలితో రాస్తే సుద్దముక్కలాగా పొడి రాలింది. ఒకటి రెండు చోట్ల పూత లేచిపోయి అడుగున గాజు నార తెల్లగా తేలింది. వాన పడితే నీళ్ళు అందులోంచే రాగి గీతల్లోకి దిగుతాయి. దిగాయంటే బోర్డు పని అయిపోయినట్టే.

నాకు చాలా సంతోషం వేసింది. పరీక్ష అన్నాక ఏదో ఒకటి తేలాలి. ఇంత తొందరగా, ఇంత స్పష్టంగా తేలడం నా సర్వీసులో అదే మొదలు.

ఆ వారమే పరంజ్యోతి గారు వస్తువుల తనిఖీకి డాబా ఎక్కారు. ఆయన మంచివారు. నిప్పులపాడు చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆయనే. కానీ రిజిస్టరు చేతిలో ఉంటే మనిషి వేరు.

"మస్తాన్‌వలీ, ఆకుపచ్చ బోర్డులు ఇరవై నాలుగు ఎక్కడ?" అన్నారు.

"ఇవే సార్."

"ఇవి పసుపుపచ్చవి. రిజిస్టర్లో ఆకుపచ్చ అని ఉంది."

"ఎండలో పెడితే వెలిశాయి సార్. వెలుస్తాయో లేదో తెలుసుకోడానికే కదా పెట్టింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. బోర్డులు పసుపుపచ్చగానే ఉన్నాయి.

"ప్రభుత్వం అధీనంలోకి వచ్చిన వస్తువుని నెల రోజులు ఎండలో పడేశావన్నమాట," అన్నారు. "ఎవరి అనుమతితో?"

మర్నాటికి నా బల్ల మీద మెమో ఉంది. "ప్రభుత్వ అధీనమందున్న ఇరవై నాలుగు నమూనాలను ఆచ్ఛాదన లేకుండా సూర్యరశ్మికి గురిచేసి, వాటి సహజ వర్ణమునకు నష్టము వాటిల్లజేసినందులకు మీపై తగు చర్య ఏల తీసికొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను." ఎండని పరీక్షించే ఆఫీసులో ఎండ తగిలిందని సంజాయిషీ ఎలా రాయాలో నాకు తెలియలేదు. మెమో పట్టుకుని డైరెక్టరు గారి గదికి పోయాను.

భీమశంకరం గారు పెద్ద చదువు చదివిన మనిషి. ఎవరు ఏ గొడవ తెచ్చినా ముందు చిరునవ్వు నవ్వుతారు. ఆ గదిలో ఏసీ బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ చిరునవ్వు వేసంకాలంలో కూడా చెదరదు.

"ఇద్దరిదీ న్యాయమే," అన్నారు, పరంజ్యోతి గారిని కూడా పిలిపించి. "పరీక్ష జరగాలి. వస్తువు పాడవకూడదు. శాస్త్రానికి, పరిపాలనకి సమన్వయం కావాలి. నమూనాలకు ఎటువంటి హాని కలగకుండా హానిని పరీక్షించే మార్గం ఏమిటి? అదీ ప్రశ్న."

అది ప్రశ్నే కాదని చెబుదామనుకున్నాను. మెమో చేతిలో ఉంది కాబట్టి చెప్పలేదు.

జవాబు ఆయనే చెప్పారు. డాబా మీద రేకుల షెడ్డు వెయ్యాలి. బోర్డులు షెడ్డులో ఉంటాయి, షెడ్డు ఎండలో ఉంటుంది. అప్పుడు బోర్డులు ఎండలో ఉన్నట్టూ అవుతుంది, వాటికి ఎండ తగలనట్టూ అవుతుంది.

"పరోక్ష సూర్యరశ్మి," అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట ఆయనకి చాలా నచ్చినట్టుంది, మళ్ళీ ఒకసారి అన్నారు.

పాత బోర్డుల్ని చెడిపోయిన సరుకు కింద రాసి లెక్కల్లోంచి కొట్టేశారు. వాటితోపాటే నేను రాసుకున్న ముప్పై రోజుల వివరాలూ పోయాయి, చెడిపోయిన సరుకు గురించి రాసింది కాబట్టి. నా మీద మెమో మాత్రం చెడిపోలేదు. కంపెనీ వాళ్ళు సంతోషంగా కొత్తవి ఇరవై నాలుగు పంపారు. మూడు పక్కలా తెరిచి, ఒక పక్క గోడ, పైన రేకులతో షెడ్డు లేచింది. దానికి 'సూర్యరశ్మి సహన పరీక్షా మండపం' అని బోర్డు రాయించారు. రిబ్బను కత్తిరించాక అందరం నీడన నిలబడి కాఫీలు తాగాం. నిజం చెప్పాలంటే నిప్పులపాడు మొత్తంలో అంత చల్లని చోటు నేను చూడలేదు.

ఏప్రిల్ రెండో వారంలో పైనుంచి వడగాడ్పుల సర్క్యులర్ వచ్చింది. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా సిబ్బంది ఎవరూ ఆరుబయట ఉండకూడదని దాని సారాంశం. డైరెక్టరు గారు దాన్ని మాకు తిరగరాసి పంపేటప్పుడు జాగ్రత్త కోసం 'ఎవరూ' పక్కన 'ఏదీ' అని కూడా చేర్చారు.

"మూడు పక్కలా గోడల్లేనిది ఆరుబయటే అవుతుందిగా సార్?" అన్నారు పరంజ్యోతి గారు.

"అవుతుంది," అన్నారు డైరెక్టరు గారు, కాసేపు ఆలోచించి.

దాంతో రోజూ పదకొండింటికి ఇరవై నాలుగు బోర్డుల్నీ ట్రేలో పెట్టుకుని కిందికి దింపేవాణ్ణి. ఆఫీసులో అన్నిటికన్నా సురక్షితమైన గది డైరెక్టరు గారిదే కాబట్టి అవి నాలుగింటిదాకా ఏసీలో ఉండేవి. నాలుగింటికి మళ్ళీ మెట్లెక్కి నీడలో పెట్టేవాణ్ణి. ఐదింటికి ఆఫీసు కట్టేస్తాం కాబట్టి మళ్ళీ దింపి బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. ఆదివారాలూ, రెండో శనివారాలూ బీరువాలోనే. ఆ రెండు నెలల్లో ఎండ తగిలిందంటే నాకు తగిలింది. నా మెడ మీద పూత లేచిపోయింది.

"గంటలు ఎట్లా లెక్కపెట్టమంటారు సార్?" అని ఒకరోజు అడిగాను. "ఇప్పటికి పట్టుమని ముప్పై గంటలు కూడా లేవు. అవీ నీడలో."

డైరెక్టరు గారు రూలు పుస్తకం తెప్పించి, వేలు పెట్టి చదివారు. "'వెయ్యి గంటల ఎండకు' అని ఉంది. ఎండ ఎన్ని గంటలు కాసిందీ అన్నది ముఖ్యం. నిప్పులపాడులో సూర్యుడు రోజుకి పన్నెండు గంటలు తన విధి తాను నిర్వహిస్తున్నాడు. నమూనాలు తమ విధి తాము నిర్వహిస్తున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చుని నిర్వహిస్తున్నారన్నది పరిపాలనా విషయం."

"మరి ఎండ కాసినట్టు ఆధారం?" అన్నారు పరంజ్యోతి గారు. ఆయనకి ఆధారం లేనిదే అన్నం అరగదు.

ఆ మాట కూడా సబబుగానే తోచింది. వారం వారం నేను గ్రామ సచివాలయానికి పోయి, 'పై వారమునందు నిప్పులపాడు గ్రామ పరిధిలో ఎండ కాసినది వాస్తవము' అని సంతకం, ముద్ర వేయించుకొచ్చేవాణ్ణి. మొదటిసారి అక్కడి ఉద్యోగి కిటికీలోంచి బయటికి చూసి సంతకం పెట్టాడు. రెండో వారం నుంచి చూడకుండానే పెట్టాడు. అతని మీద నాకేం ఫిర్యాదు లేదు. నిప్పులపాడులో అందుకోసం కిటికీ తెరవడం దండగ.

ఎనభై నాలుగు రోజులకి వెయ్యి గంటలు నిండాయి. బోర్డులు పెళ్ళికూతుళ్ళలా మిలమిలలాడుతున్నాయి. 'వెయ్యి గంటల సూర్యరశ్మికి వర్ణభేదము గాని, పొడి రాలుట గాని, పూత లేచుట గాని లేదు' అని సర్టిఫికెట్ టైపయింది. పరీక్ష చేసినవారు అన్నచోట నా పేరు.

"సార్, ఇందులో 'నీడలో' అని ఒక్క మాట చేర్చుదామా?" అన్నాను.

"మస్తాన్‌వలీ," అన్నారు డైరెక్టరు గారు ఎంతో ఆప్యాయంగా, "సర్టిఫికెట్ అనేది ఫలితం చెప్పాలి. ఫలితం ఎక్కడ కూర్చుందో చెప్పకూడదు. పైగా నీ మెమో ఇంకా నడుస్తోంది కదా? ఈ సంతకంతో దాన్ని ముగించేద్దాం."

పెట్టాను. ఇద్దరు పిల్లల తండ్రిని.

ఆగస్టుకల్లా మా చుట్టూ ఉన్న పొలాల్లో సోలార్ మోటార్లు దిగాయి. ప్రతి పెట్టె మీదా మా కేంద్రం ముద్ర ఉంది. బస్సులో పోతూ నేను కిటికీ వైపు కూర్చోవడం మానేశాను.

మరుసటి ఏడు కార్తీకమాసంలో ఒక పొద్దున, యాభై ఏళ్ళు దాటిన ఒక రైతు మనిషి ఆటో దిగి సరాసరి నా గదికి వచ్చింది. పేరు తిరపతమ్మ. పక్క ఊరే. రెండెకరాల మిరప. చంకలో పాత చీరముక్కలో ఏదో చుట్టి ఉంది. విప్పి బల్ల మీద పెట్టింది. బోర్డు. ఆకుపచ్చ పూత ఎక్కడా లేదు. కోడిగుడ్డు పెంకులా తెల్లగా పగిలి, రాగి గీతలకి చిలుము పట్టి ఉంది.

"నాయనా, ఇదేందో చచ్చిపోయిందంట. మోటారు నీళ్ళు పొయ్యట్లా. ఆరు దినాలైంది. పూత మీదుంది చేను. ఇంకో నాలుగు దినాలు ఇట్టాగే ఉంటే పూతంతా రాలిపోద్ది," అంది.

"కంపెనీ వాళ్ళకి చెప్పారా అమ్మా?"

"చెప్పా. కొత్తది రావాలంటే ఆరు నెల్లంట. ఆరు నెల్లకి నా చేలో మిరప మొక్కలుంటయ్యా, పొయ్యిలోకి మిరప కట్టె ఉంటదా? ఎండకి పోయుంటదని మెకానిక్కు చెప్పాడు. ఎండకి పోదని మీరు కాయితం ఇచ్చారంటగా. పెట్టె మీద మీ ముద్రుంది. అందుకని మిమ్మల్నే అడుగుదామని వచ్చా. దీన్ని ఎండలో పెట్టి చూశారా నాయనా?"

కోపంగా అడగలేదు. కూర ఉప్పు చూశావా అని అడిగినట్టు అడిగింది. అందుకే అబద్ధం నోటికి రాలేదు.

"రండమ్మా, చూపిస్తాను," అని డాబా మీదికి తీసుకుపోయాను.

ఆవిడ మండపం కింద నిలబడి చుట్టూ చూసింది. చట్రంలో మెరుస్తున్న బోర్డుల్ని చూసింది. పరీక్ష అయ్యాక నమూనాల్ని ఐదేళ్ళు అదే స్థితిలో ఉంచాలని రూలు కాబట్టి, వడగాడ్పుల కాలం పోయాక అవి అక్కడే ఉంటున్నాయి. తలెత్తి రేకుల వంక చూసింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఇది నీడ కదయ్యా," అంది.

"అవునమ్మా."

మెట్ల వైపు తిరిగింది. నాలుగు మాటలు తిట్టి పోయుంటే నేనూ బల్ల దగ్గరికి పోయి కూర్చునేవాణ్ణేమో. ఆవిడ ఆ చచ్చిన బోర్డుని మళ్ళీ చీరముక్కలో చుట్టుకుంటోంది, ఎందుకో, జాగ్రత్తగా.

"అమ్మా, ఆగండి," అన్నాను.

పదిహేడో నంబరు బోర్డు ఊడదీశాను. ఆవిడ తెచ్చినదాన్ని పదిహేడో చోట బిగించాను. కొలతలన్నీ ఒకటే, మరలతో సహా సరిపోయింది.

"ఇది తీసుకుపోయి పెట్టించుకోండి. ఒక్కటి మాత్రం చెయ్యాలి. ఆ గాజు మూతకి లోపలా బయటా సున్నం పూయండి. బోర్డు మీద ఎండ పడకూడదు. నీడలో ఉంటే ఇది చెక్కుచెదరదు. ఆ మాటకి మా దగ్గర సర్టిఫికెట్ కూడా ఉంది."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "దీపం కనపడదు గదయ్యా మరి?"

"నీళ్ళు కనపడతాయమ్మా."

"అంతేలే," అని బోర్డు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేను పైకి పోయి పదిహేడో నంబరు వంక చూశాను. మా కేంద్రం మొత్తంలో నిజంగా ఎండ చూసిన బోర్డు అదొక్కటే.

పదిహేను రోజులకి పరంజ్యోతి గారి తనిఖీ వచ్చింది. పదహారు దాకా చకచకా లెక్కపెట్టారు. పదిహేడు దగ్గర ఆగిపోయారు. అరగంటకి డైరెక్టరు గారు స్వయంగా డాబా ఎక్కారు. ఆయన మండపంలోకి రావడం రిబ్బను తరవాత అదే మొదలు.

"ఎట్లా జరిగింది?" అన్నారు, తెల్లబోయిన బోర్డుని చూసి తనూ తెల్లబోయి.

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. "సార్, అది నేనే..."

"నాకు తెలుసు, నువ్వే జాగ్రత్తగా చూసుకుంటున్నావు. ఇందులో తప్పు నీది కాదు మస్తాన్‌వలీ. ఎండది."

"అది కాదు సార్..."

"నువ్వు మాట్లాడకు. శాస్త్రం మాట్లాడుతుంది."

శాస్త్రం మాట్లాడటానికి రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. మండపంలో ఎండ లీకైందన్న అనుమానం పైవాళ్ళని బాగా కదిలించినట్టుంది, పన్నెండు రోజుల్లోనే వచ్చారు. టేపులు పట్టారు, కొలిచారు, సాయంత్రం దాకా కుర్చీలు వేసుకుని కాపలా కాశారు. నాలుగున్నరకి సూర్యుడు వాలి, పడమటి పక్కనుంచి అరచేయంత ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి నేల మీద పడింది. పదకొండు నిమిషాలు ఉండి పోయింది. అది పదిహేడో నంబరుకి నాలుగు మూరల దూరంలో పడింది గానీ, సభ్యుల్లో పెద్దాయన అరిచిన అరుపుకి కింద వరండాలో ప్యూను లేచి నిలబడ్డాడు.

"దొరికింది!"

నివేదిక వారంలో వచ్చింది. "అనధికార సూర్యరశ్మి ప్రవేశము వలన ఒక నమూనాకు హాని సంభవించినది. మండపమునకు మిగిలిన మూడు దిక్కులా గోడలు నిర్మించి, సూర్యరశ్మి పరీక్షకు సూర్యరశ్మి నుండి సంపూర్ణ రక్షణ కల్పించవలెను."

గోడలు లేచాయి. తలుపు పెట్టారు. దీపం మాత్రం పెట్టలేదు. కరెంటు పని వేరే శాఖది. వాళ్ళకి రాసిన కాగితం వాళ్ళ దగ్గర ఉంది. తలుపు వేస్తే లోపల మన చెయ్యి మనకే కనపడదు.

ఈలోగా తిరపతమ్మ చేను కోలుకుంది. ఆవిడ ఆ సంగతి గొంతు దించి చెప్పే మనిషి కాదు. డిసెంబరులో ఒకరి తరవాత ఒకరు రావడం మొదలుపెట్టారు. తువ్వాలులో చుట్టుకుని ఒకరు, సంచిలో అడుగున పెట్టి పైన వంకాయలు పోసుకుని ఒకరు. అందరి బోర్డులూ ఒకటే రకం తెలుపు. ప్రతివాళ్ళూ చేతులు జోడించి, "బాబూ, తిరపతమ్మక్క పంపింది," అనేవారు, అదే పాస్‌వర్డు అయినట్టు. నేను చీకటి గదిలోకి పోయి తడుముకుంటూ ఒకటి ఊడదీసి ఒకటి బిగించేవాణ్ణి. సున్నం సంగతి చెప్పి పంపేవాణ్ణి. ఆపుదామని ప్రతిరోజూ అనుకున్నాను. రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు, రోజూ వాళ్ళ చేను పూత మీదో పిందె మీదో ఉండేది. డిసెంబరు ఆఖరుకి ఇరవై నాలుగూ అయిపోయాయి. గోడల పుణ్యమా అని ఎవరికీ కనపడలేదు.

జనవరి మొదటి వారంలో పరంజ్యోతి గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. గోడలు కట్టినప్పుడు కదిలించిన వస్తువుల్ని మళ్ళీ లెక్కపెట్టాలిట.

"తలుపు తియ్యి," అన్నారు.

"లోపల చీకటి సార్. కరెంటు వచ్చాక చూద్దామా?"

"తడిమి చూస్తాను."

ఆయన వెనకే లోపలికి పోయాను. చీకట్లో ఆయన వేళ్ళు బోర్డుల మీద పాకుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. మొదట్లో గబగబా. తరవాత మెల్లగా. ఆ తరవాత మరీ మెల్లగా. ఇరవై నాలుగు అనేసరికి నాకు చొక్కా తడిసిపోయింది.

బయటికి వచ్చి వెలుగులో ఆయన తన చేతివేళ్ళు చూసుకున్నారు. పదివేళ్ళకీ తెల్లటి పొడి. నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. ఇక ఇంటికి పోయి మా ఆవిడతో ఎట్లా చెప్పాలా అని ఆలోచించుకుంటున్నాను.

పరంజ్యోతి గారు జేబురుమాలు తీసి వేళ్ళు ఒకటొకటిగా తుడుచుకున్నారు. తలుపు దగ్గరికి వేశారు. చంకలో సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తీశారు. విప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది.

"మా బావమరిదిది," అన్నారు గొంతు తగ్గించి. "గురజాల పక్కన. మూడెకరాలు. ఒకటైనా మిగిలిందేమోనని..."

"అయిపోయినాయి సార్," అన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన మెట్ల మీద కూలబడ్డారు. అంత పెద్దమనిషి మెట్ల మీద కూచోవడం అంతకు ముందు చూడలేదు. "ఇంకా అడిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"నాకు తెలిసి నలభై మందికి పైనే సార్."

లేచి గదిలోకి పోయి కాగితం తీసి, తన గుండ్రటి అక్షరాలతో రాశారు. "పూర్తిస్థాయి రక్షణతో నవీకరించబడిన గదియందు ఫలితములను ధ్రువపరచుకొను నిమిత్తము, అదనముగా నలభై ఎనిమిది నమూనాలు తక్షణమే పంపవలసినదిగా కంపెనీ వారిని కోరడమైనది." డైరెక్టరు గారు దాన్ని చదివి, శాస్త్రం పట్ల పరంజ్యోతి గారికి ఇంత ఆసక్తి ఉందని తనకి తెలియదని చెప్పి సంతకం పెట్టారు.

రైతుకి ఆరు నెలలన్న కంపెనీ ఎనిమిది రోజుల్లో నలభై ఎనిమిదీ పంపింది. ప్రతిదాన్నీ రంగు కాగితంలో చుట్టి మరీ పంపింది.

వచ్చాయన్న కబురు నేను చెప్పింది తిరపతమ్మ ఒక్కదానికే. మర్నాడు పదింటికి మా ఆవరణలో ఆవిడ కాక నలభై ఏడు మంది ఉన్నారు. అందరి చంకల్లోనూ ఏదో ఒక మూట. ఒకరొకరుగా రమ్మంటే అర్థం చేసుకోలేదో, అర్థం చేసుకునే నమ్మలేదో తెలియదు. వీళ్ళని ఎక్కడ దాచాలా అని నేనూ పరంజ్యోతి గారూ చూస్తుండగానే డైరెక్టరు గారి కారు వచ్చి ఆగింది.

"ఎవరు వీళ్ళు?" అన్నారాయన.

పరంజ్యోతి గారు ఆదివారం తప్ప అబద్ధం ఆడకూడని రోజు లేదన్నంత నిబ్బరంగా, "మన కేంద్రం చూడటానికి వచ్చారు సార్. రైతులు," అన్నారు.

భీమశంకరం గారి మొహం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి అధికారులు తప్ప ఎవరూ చూడ్డానికి రాని కేంద్రం అది. ఆయన కారు దిగి, వరండా నీడలో నిలబడి, ఎండలో నిలబడిన ఆ నలభై ఏడు మందికి సూర్యరశ్మి మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. ఎండ ఎంత తీక్ష్ణమైనదో, దాన్ని శాస్త్రం ఎట్లా జయించిందో ముప్పావుగంట చెప్పారు. రైతులు కదలకుండా విన్నారు. తువ్వాళ్ళు తల మీద వేసుకున్నారు గానీ మూటలు మాత్రం కింద పెట్టలేదు.

"ఏమైనా సందేహాలుంటే అడగండి," అన్నారు చివర.

వెనకనుంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. "లోపల ఎన్ని ఉన్నయ్యి బాబయ్యా?"

"ఎన్ని నమూనాలనా? చాలా మంచి ప్రశ్న!" అన్నారు డైరెక్టరు గారు. "నలభై ఎనిమిది!"

చప్పట్లు మోగాయి. ఒకరినొకరు చూసుకుని మళ్ళీ కొట్టారు. తిరపతమ్మ పక్కనున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఉద్యోగంలో చేరాక తన మాటలకి ఒక మనిషి కన్నీళ్ళు పెట్టుకోవడం భీమశంకరం గారు ఎన్నడూ చూసి ఉండరు. "వాళ్ళని లోపలికి తీసుకుపోయి అన్నీ చూపించు మస్తాన్‌వలీ. తొందరపెట్టకు. ఒక్కొక్కరినీ తాకి చూడనియ్యి," అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఒక్కొక్కరే చీకటి గదిలోకి వచ్చి, తాకి చూసి వెళ్ళారు. పరంజ్యోతి గారు గుమ్మంలో నిలబడి వరస తప్పకుండా చూశారు. నలభై ఎనిమిదోది ఆయన చేతికిచ్చాను.

ఫిబ్రవరిలో డైరెక్టరు గారితో కలిసి జీపులో గుంటూరు మీటింగుకి బయల్దేరాను. ఆ పూట కిటికీ వైపే కూర్చున్నాను. రోడ్డుకి రెండు పక్కలా మిరప చేలు ఎర్రబారుతున్నాయి. చేను చేనుకీ సోలార్ పలకలు, వాటి కింద పెట్టె, పెట్టె మూతకి దట్టంగా తెల్లటి సున్నం. గొట్టాల్లోంచి నీళ్ళు దబదబా పోస్తున్నాయి. ఒకచోట ఒక మనిషి కాలవ గట్టున వంగి కాళ్ళు కడుక్కుంటోంది.

భీమశంకరం గారు జీపు ఆపించారు. అద్దం దింపకుండానే చాలాసేపు చూశారు.

"చూశావా మస్తాన్‌వలీ," అన్నారు మెల్లగా, "ఇంత ఎండలో ఒక్క బోర్డూ చెడలేదు."

"లేదు సార్," అన్నాను.